ఇరవై అణాల తెలుగు

మా ఇంట్లో ఈ మధ్య పదిహేడు అంటే పదిహేను. అంతకుముందు పదిహేడే ఉండేది.

రాయగడలో ఉన్న మా చెల్లెలి కొడుకు ఒడిశాలోని మా బరంపురంలో బీసీఏ చదువుతూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఒక సాయంత్రం వాడు నోటుబుక్కులో 17 అని రాసి, సమానం గుర్తు పెట్టి, పక్కన 15 అని రాసుకోవడం కళ్ళారా చూశాను. ఫీజు కట్టినవాణ్ణి కనుక అడిగే హక్కు ఉందనుకున్నాను.

"ఏంట్రా ఇది?"

"ఆక్టల్ మావయ్యా. దీన్లో ఎనిమిది అంకెలే ఉంటాయి. సున్నా నుంచి ఏడు దాకా."

"మరి ఎనిమిదీ తొమ్మిదీ ఎక్కడికి పోయాయి?"

"ఎక్కడికీ పోలేదు. అసలు లేవు."

నేను చాలా ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి. ఉన్నదాన్ని లేదనడం నాకు కొత్త కాదు. అయినా వాడు ఓపిగ్గా చెప్పాడు. మామూలు లెక్కలో 17 అంటే ఒక పది, ఏడు ఒకట్లు. ఆక్టల్‌లో అదే 17 ఒక ఎనిమిది, ఏడు ఒకట్లు. కలిపితే పదిహేను. రాత మారలేదు, విలువ మారింది.

వరండాలో బియ్యం ఏరుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే అంది: "తవ్వా ఏడు గిద్దలు. పదిహేను గిద్దలే కదా. దానికి ఫీజెందుకురా?"

ఈ విషయాన్ని ఒడిశా, ఆంధ్ర ఉభయ రాష్ట్ర ప్రభుత్వాల దృష్టికి తీసుకురావలసిన బాధ్యత నా మీద పడిందని అప్పుడే గ్రహించాను. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఆధారాలు. ఆక్టల్ మన శాస్త్రాల్లో ఉందో లేదో పండితులు తేల్చాలి. మా ఇంట్లో మాత్రం బియ్యం డబ్బాలో ఉంది. నాలుగు గిద్దలైతే సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. గిద్దకీ సోలకీ మధ్య అరసోల ఒకటి. కొలతలు ఊరూరికీ మారేవి కాబట్టి గుంటూరు వాళ్ళు నాతో గొడవకు రావద్దు, ఇది మా ఇంటి లెక్క. ఇప్పుడు అన్నిటినీ గిద్దల్లోకి మార్చి చూడండి: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. ఒక్కో పాత్ర ముందుదానికి సరిగ్గా రెట్టింపు.

కంప్యూటరుకు తెలిసిన సంగతులు రెండే: కరెంటు ఉంది, కరెంటు లేదు. (వేసవిలో మా వీధికి కూడా అంతే.) దాని లెక్క కూడా ఈ పాత్రల్లాగే రెట్టింపులతో నడుస్తుంది. ఒక సోల, ఒక అరసోల, ఒక గిద్ద వరసగా పెట్టుకోండి. ఒక్కోదాన్ని నింపడమో ఖాళీగా వదలడమో మీ ఇష్టం. మూడూ ఖాళీ అయితే సున్నా, మూడూ నిండితే నాలుగూ రెండూ ఒకటీ, వెరసి ఏడు. ఇంకో గిద్ద పోశారా, మూడూ చాలవు, తవ్వ కావాలి. ఆక్టల్‌లో అంకె ఏడు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. నిండిందా ఖాళీయా అని చెప్పే ఇలాంటి ఒక్కో స్థానాన్ని కంప్యూటరువాళ్ళు బిట్ అంటారు. మూడు బిట్లకు ఒక అంకె. మా మేనల్లుడికి ఈ ముక్క చెప్పడానికి కోచింగ్ సెంటరు వాళ్ళు రెండు వారాలు తీసుకుని, తెల్లబోర్డు మీద నాలుగు రంగుల పెన్నులు ఖర్చు చేశారు.

తర్వాత నేను వాడికీ అమ్మకీ పోటీ పెట్టాను. ఆక్టల్‌లో 523. వాడు క్లాసులో చెప్పినట్టు, 5ని 64తో, 2ని 8తో గుణించి, ఒకట్లు మూడు కలిపి, ఒకసారి కొట్టేసి మళ్ళీ కలిపి, 339 అన్నాడు. అమ్మకి నేను ఇంకోలా చెప్పాను: ఐదు కుంచాలు, రెండు తవ్వలు, మూడు గిద్దలు. ఆవిడ కుంచాలను తవ్వలు చేసింది, నలభై. రెండు కలిపితే నలభై రెండు తవ్వలు. వాటిని గిద్దలు చేస్తే మూడు వందల ముప్పై ఆరు, పైన మూడు. వాడు కాలిక్యులేటరు తీసేలోపు చెప్పేసింది. ఈ పద్ధతికి హార్నర్ పేరు పెట్టి చదువుతున్నారు. 1819లో ఆ వ్యాసం అచ్చయిన ఇంగ్లండు బడిపంతులు హార్నర్ గారు బియ్యం కొలిచారో లేదో నాకు తెలియదు.

యంత్రాలు ఎనిమిదిని ఎందుకు పట్టుకున్నాయంటే, అప్పటి యంత్రాల్లో చాలావాటి మాట పొడవు, అంటే అవి ఒక్కసారి పట్టుకునే బిట్ల సంఖ్య, మూడుతో భాగింపబడేది. 1965లో వచ్చిన పీడీపీ-8కి 12 బిట్లు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పుట్టిన పీడీపీ-7కి 18. తర్వాత ఎనిమిది బిట్ల బైటు రాజ్యానికి వచ్చింది. ఎనిమిదిని మూడుతో భాగిస్తే శేషం మిగులుతుంది కనుక, నాలుగు బిట్లకు ఒక అంకె వేసే పదహారు అంకెల పద్ధతి పైకి లేచి, ఆక్టల్ మూలకు చేరింది. పింఛను తీసుకుని అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా అయిపోయింది. అయితే ఆ పెద్దమనిషి అప్పుడప్పుడూ కర్ర ఊపుతాడు.

ఊపిన సంగతి చెబుతాను. మా మేనల్లుడు ఒక అప్పడాల దుకాణానికి నెలవారీ బాకీల ప్రోగ్రాం రాసిచ్చాడు. ఈ నెల అంకెకి ఒకటి కలిపి వచ్చే నెల చిట్టా తీస్తుంది. జనవరి నుంచి జులై దాకా చక్కగా నడిచింది. ఆషాఢమంతా కూడా నడిచి, తీరా శ్రావణం వచ్చాక ఆగస్టు ఒకటిన ఆగిపోయింది. దుకాణదారు దిష్టి తీయించాడు. వీడు రెండు రాత్రులు నిద్రపోలేదు, టెన్షన్‌తో భోజనం కూడా సరిగ్గా చేయలేదు. చివరికి తేలింది ఏమిటంటే, నెలను 08 అని రాస్తే ముందున్న సున్నాను చూసి యంత్రం "ఓహో, ఇది ఆక్టల్" అనుకుంటుంది. ఆక్టల్‌లో ఎనిమిదే లేదు. 07 దాకా ఏ అనుమానమూ రాదు. 08, 09 దగ్గర మొరాయిస్తుంది. అక్టోబరులో ముందు సున్నా ఉండదు కాబట్టి ఏమీ జరగనట్టు మళ్ళీ నడుస్తుంది. అక్టోబరు పేరులో ఉన్న ఎనిమిదీ ఆక్టల్ పేరులో ఉన్న ఎనిమిదీ ఒకటే కాబట్టి చుట్టరికం పనిచేసిందని నా అభిప్రాయం.

ఎడమ పక్క సున్నాకు విలువ లేదని మా లెక్కల మాస్టారు బెత్తంతో చెప్పారు. సీ అనే కంప్యూటరు భాషలో 010 అని రాస్తే ఎనిమిది. మాస్టారు ఇప్పుడు లేరు, అదృష్టవంతులు. పైథాన్ అనే ఇంకో కంప్యూటరు భాష మూడో వెర్షన్‌లో ఈ గందరగోళం తీర్చడానికి సున్నా పక్కన ఇంగ్లీషు చిన్న 'ఓ' పెట్టమన్నారు. చూడ్డానికి అది కూడా సున్నాలాగే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి, ప్రభుత్వానికి నా ముఖ్య ఫిర్యాదు ఇదే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలని చట్టం అమలు చేశారు. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, మొత్తం 64. రెండు అణాలు బేడ. అంటే బేడకు ఎనిమిది పైసలు, రూపాయికి ఎనిమిది బేడలు. 64ని ఆక్టల్‌లో రాయండి. 100 వస్తుంది. అప్పటికే వంద ఉన్న పైసల్ని వంద చేయడానికి అంత నాణెం కరిగించారు! (పైసాకు మూడు చొప్పున 'పై' అనే నాణెం కూడా ఉండేది. అది నా వాదనకు అడ్డొస్తోంది కనుక వదిలేస్తున్నాను.)

ఏప్రిల్ 1కి మా మీద పాత కక్ష ఉంది. 1936లో అదే తేదీన ప్రత్యేక ఒరిస్సా ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా బరంపురం అటు వెళ్ళింది. ఆ మార్పు నచ్చక గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతయ్యకు రాజమండ్రిలో ఎవరూ లేరు. ఆయన ఇల్లూ మగ్గమూ ఉన్నచోటే ఉన్నాయి, చుట్టూ ఉన్న లెక్క మారింది. అప్పట్నుంచి ఇక్కడ మేం తెలెంగాలం. పాతిక కిలోమీటర్లు వెళ్ళి ఇచ్ఛాపురం దాటితే ఒరియావాళ్ళం. అక్కడ ఒక ఆఫీసులో నా కాగితాలు తిప్పి చూసి, "తెలుగు బాగానే మాట్లాడుతున్నారే" అని మెచ్చుకున్నారు. రాత అదే, విలువ వేరు. మా మేనల్లుడికి ఆక్టల్ అంత సులువుగా ఎందుకు ఎక్కిందో నాకు అక్కడ అర్థమైంది.

పది ఒక్కటే లెక్క అనేవాళ్ళు మా వైపు ఒకసారి రావాలి. గిడుగు వారు నేర్చుకున్న సవర భాషలో పన్నెండు దాకా వెళ్ళాక, పదమూడుని పన్నెండూ ఒకటీ అంటారు. ఆ పైన ఇరవైల లెక్క. బజారులో ఒడియా కూరగాయలమ్మి "కోడియే" అంటే ఇరవై అని అర్థం. విజయవాడ నుంచి వచ్చిన మా వియ్యపురాలు బుట్టలో కోడి కోసం వెతికింది.

యూనిక్స్‌లో ఆక్టల్ ఇంకా ఉద్యోగం చేస్తున్న చోటు ఒకటుంది. ప్రతి ఫైలుకీ మూడు అంకెలతో అనుమతులు ఇస్తారు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ ఉంటే 7. చదివి నడపడం మాత్రమే అయితే 5. మళ్ళీ అదే సోల, అరసోల, గిద్ద. ఈ పద్ధతిలో నేను మా ఇంటి తెలుగును కొలిచాను. అమ్మ చదువుతుంది, రాస్తుంది, మాట్లాడుతుంది: 7. చెల్లెలు పెళ్ళిపత్రిక చదువుతుంది, మాట్లాడుతుంది, ఉత్తరం మాత్రం రాయలేదు: 5. ఒడియా బడిలోనూ ఇంగ్లీషు కాలేజీలోనూ చదివిన మేనల్లుడు గలగలా మాట్లాడతాడు, అంతే. నడపగలడు, చదవలేడు, రాయలేడు: 1. మూడు తరాలు కలిపి 751. మామూలు పదుల లెక్కలోకి మారిస్తే 489. ఎటు మార్చినా మా మేనల్లుడి ఒకటి మాత్రం పెరగడం లేదు.

మొన్న విశాఖలో ఒక పెళ్ళికి వెళ్ళాం. వడ్డన దగ్గర ఒక దూరపు బంధువు మా మాట విని, "మీది పదహారణాల తెలుగు కాదులెండి, పన్నెండు అణాలు వేసుకోవచ్చు" అన్నాడు. నేను చేయి కడుక్కుని వచ్చి, కాగితం మీద 16 రాసి, ఎనిమిదితో భాగించి చూపించాను. రెండుసార్లు పోయింది, శేషం సున్నా. 20. "మేం ఇరవై అణాలండి" అన్నాను. ఆయన పెరుగు వడ్డించుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

ఈ వ్యాసం పూర్తయ్యాక లెక్కలు సరిచూడమని మా మేనల్లుడికి ఇచ్చాను. వాడు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "మీరే చదవండి మావయ్యా, వింటాను" అన్నాడు. మొత్తం చదివాను. లెక్కలన్నీ సరిపోయాయన్నాడు. ఇరవై అణాల దగ్గర మాత్రం ఆపి, "అలా చదవకూడదు మావయ్యా, రెండు సున్నా అణాలు అనాలి" అన్నాడు.

దిద్దలేదు.