పరికల్పించడమైనది

మా కార్యాలయంలో లిఫ్టు పదకొండు రోజులుగా కదలడం లేదు. దాని తలుపుకు ఒక కాగితం అంటించారు: "తేమ కారణంగా లిఫ్టు నిలిచిపోయినట్లు పరికల్పించడమైనది." ఎవరు పరికల్పించారో లేదు. ఏం చూసి పరికల్పించారో అదీ లేదు. కింద ముద్ర ఒకటి ఉంది, అందులో అక్షరాలు అలుక్కుపోయాయి. బహుశా తేమ వల్లనే.

లిఫ్టు ఆగినందుకు నాకు బాధ లేదు. నా బాధంతా ఆ క్రియాపదం గురించి. సమస్య, పరికల్పన, ప్రయోగం, ఫలితం అని బడిలో అందరం వల్లె వేశాం, మార్కులు రాగానే మరిచిపోయాం. పరికల్పన అంటే అప్పటికి నిలబెట్టి చూసే వివరణ. నిలబెట్టేదే తోసి చూడటానికి. తేమ వల్ల ఆగిందని పరికల్పిస్తే, ఆరబెట్టాక కదలాలి. ఆరినా కదలకపోతే తేమను వదిలేసి మరో కారణం వెతుక్కోవాలి. ఈ రెండో వాక్యం చెప్పలేనివారికి ఆ క్రియాపదం వాడే హక్కు లేదు.

సమీక్షా సమావేశంలో ఆ మాటే అడిగాను: "ఆరబెట్టి చూశారా?"

గది నిశ్శబ్దమైంది. నిర్వహణ చూసే పెద్దమనిషి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని, "మా పరికల్పన మీద మీకు నమ్మకం లేదా?" అన్నారు. లేదండీ, ఉండకూడదు కూడా, దాన్ని పరికల్పన అనేది అందుకే అన్నాను. ఇక మొదలైంది. ఒకరు వోల్టేజీ ఎక్కువై ఆగిందని పరికల్పించారు. ఆయన పక్కనున్నవారు వోల్టేజీ తక్కువై ఆగిందని పరికల్పించారు. ఇద్దరూ సీనియర్లు కనుక రెండింటినీ ఉంచారు. పైకి వెళ్లేవారికంటే కిందికి వచ్చేవారు ఎక్కువ కావడం వల్ల లిఫ్టుకు ఒకవైపు అలవాటు పడిపోయిందని ఇంకొకరు సెలవిచ్చారు. దానికి తలలు కూడా ఊగాయి. చివరకు ఆరు పరికల్పనలను ఏకగ్రీవంగా ఆమోదించి మినిట్సులో రాసుకున్నారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ తలుపు దగ్గర ఎలక్ట్రీషియన్ కుర్రవాడు చేతిలో టార్చి పట్టుకొని నిలబడి ఉన్నాడు. "సార్, పైన మోటారు గది తాళం ఇస్తే ఒకసారి చూసి వస్తాను" అన్నాడు. అది అజెండాలో లేదన్నారు.

అసలు తెలుగులో ఈ పనికి మాటలు కరువా? "తేమ వల్ల కాబోలు" అని రాస్తే సరిపోయేది. కానీ కాబోలు అన్నవాడిని "చూశావా?" అని ఎవరైనా అడగవచ్చు. "పరికల్పించడమైనది" అన్నాక అడగడానికి అవతల మనిషే లేడు.

ఇంకా విడ్డూరం చూడండి. ఊహాపోహ అని సంస్కృతంలో మంచి జంట పదం ఉంది. ఊహ అంటే ఒక వివరణను ముందుకు తేవడం, అపోహ అంటే నిలవనిదాన్ని తీసి పారేయడం. మొత్తం పని రెండు మాటల్లో ఇమిడిపోయింది. దాన్ని మనం తెచ్చుకొని ఏం చేశాం? ఊహాపోహలు అంటే గాలి కబుర్లు అయ్యాయి. తప్పును తొలగించే అపోహ కాస్తా తప్పుడు అభిప్రాయానికే పేరైంది. చీపురును చెత్త అని పిలుచుకుంటున్నాం.

పరికల్పన తప్పితే పరువు పోతుందని భయం. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే పరువు ఎక్కడికీ పోలేదు. యురేనస్ నడకలో తేడా చూసి అవతల మరో గ్రహం ఉండాలన్నాడు. 1846లో చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. బుధుడి కక్ష్యలో తేడాకూ అదే మందు వేసి, 1859లో సూర్యుడి దగ్గర ఇంకో గ్రహం ఉందన్నాడు. ఎంత వెతికినా లేదు. బుధుడి కక్ష్య లెక్క 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో తేలింది. రెండుసార్లూ ఆయన చేసింది పరికల్పించడమే, ఎందుకంటే ఎక్కడ చూడాలో చెప్పాడు.

చెప్పనివారి సంగతి వియన్నాలో చూడాలి. 1846లో అక్కడి పెద్దాసుపత్రి మొదటి ప్రసూతి విభాగంలో నూటికి 11 మందికి పైగా బాలింతలు జ్వరంతో పోయారు. రెండో విభాగంలో ముగ్గురైనా లేరు. వాతావరణంలో, విశ్వంలో, భూమిలో మార్పులే కారణమన్నారు పండితులు. ఒకే ఆసుపత్రి, ఒకే ఆకాశం! అక్కడి వైద్యుడు సెమ్మెల్వైస్ మాత్రం ఒక్కొక్క ఊహనూ పరీక్షకు పెట్టాడు. మతాచార్యుడి గంట చప్పుడుకు బాలింతలు హడలిపోతున్నారేమో అంటే గంట ఆపించి చూశాడు. మరణాలు తగ్గలేదు, ఆ ఊహను తీసేశాడు. 1847లో శవపరీక్షలో కత్తి గాటు పడిన సహచరుడు అవే లక్షణాలతో చనిపోయాక, శవాల నుంచి వైద్యుల చేతులకు అంటేదే చంపుతోందేమో అనుకొని, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించాడు. 1848లో మరణాలు నూటికి 1.27కు దిగాయి.

అయినా చాలామంది పెద్దలు ఒప్పుకోలేదు. చేతులు కడుక్కోవయ్యా అంటే కడుక్కోవడానికి ఏం రోగం? విశ్వంలో మార్పులట! అలా చెప్పి ఊరుకున్న ప్రతివాడూ ఆ పూట మంచం మీదున్న ఆడమనిషిని చంపాడు. ఇందులో నాకు నవ్వు రావడం లేదు, రాకూడదు కూడా.

ఈ ఉదయం లిఫ్టు తలుపు మీద కాగితం మార్చారు. "లిఫ్టు బాగుపడినట్లు పరికల్పించడమైనది" అని ఉంది. పరీక్ష ఎవరు చేయాలో రాయలేదు కానీ, లోపల దీపం వెలుగుతోంది, తలుపు తెరిచే ఉంది.