పద్నాలుగు సున్నాల పరిపాలన

వెనిజులాలో అధ్యక్షుడు మదురో ప్రభుత్వాన్ని ఆడిపోసుకున్నవారెవరికీ లెక్కలు రావని నా గట్టి నమ్మకం. ఆ నేల కింద 30,000 కోట్ల పీపాలకు పైగా చమురుంది. ప్రపంచంలో మరే దేశానికీ అంత లేదు. కింద అంత పెద్ద అంకె ఉన్నప్పుడు పైన కూడా దానికి తగ్గ అంకెలు ఉండవద్దూ? పాపం, ధరలు పెంచింది అందుకే.

2018 ఆగస్టులో రాజధాని కారకస్‌లో తీసిన ఒక ఫొటో ఉంది. బల్ల మీద ఈకలు పీకిన కోడి, బరువు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. పక్కనే కట్టలు కట్టలుగా పేర్చిన దాని ధర: ఆ దేశపు కరెన్సీలో 1,46,00,000 బొలివార్లు. కోడి కంటే ధరే బలిసి కనిపిస్తుంది. వారం తిరగకముందే ప్రభుత్వం కరెన్సీ నుంచి అయిదు సున్నాలు చెరిపేసింది. కోడి 146 బొలివార్లకు దిగింది! గింజ పండించకుండా, కోడిపిల్లను పెంచకుండా ధరను లక్షో వంతుకు దించిన మొనగాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారా? జనం దాచుకున్న సొమ్ములోంచీ అవే అయిదు సున్నాలు పోయాయని గొణగడం సంకుచితత్వం. 2008లో మూడు, 2021లో ఆరు; మొత్తం పద్నాలుగు సున్నాలు. సున్నాను కనిపెట్టామని మనం ఇప్పటికీ మురిసిపోతూ కూర్చున్నాం.

కాలం కూడా వాళ్ల మాట విన్నది. 2007లో మదురోకు ముందటి అధ్యక్షుడు చావెజ్ దేశం గడియారాన్ని అరగంట వెనక్కి జరిపాడు. కరెంటు ఆదా కోసమని 2016లో మదురో ముందుకు జరిపాడు. ఆ రోజుల్లోనే ప్రభుత్వ కార్యాలయాలకు వారానికి రెండే పనిదినాలు. 2024లో క్రిస్మస్ అక్టోబరు 1నే మొదలవుతుందని ప్రకటించాడు. ఆ ప్రకటన వచ్చిన రోజే ప్రతిపక్ష అభ్యర్థి ఎడ్ముండో గొన్సాలెస్‌పై అరెస్టు వారెంటూ వచ్చింది. పండుగ దాదాపు మూడు నెలలు ముందొచ్చింది గానీ, ఆ జూలైలో జరిగిన అధ్యక్ష ఎన్నికల బూత్‌వారీ లెక్కలు మాత్రం రాలేదు.

ఇక చమురు. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ స్థాపకుల్లో ఒకరైన వెనిజులా మంత్రి పెరెస్ అల్ఫోన్సో దాన్ని దయ్యం పెంట అన్నాడు. పెంట అన్నాక పొలానికైనా తోలాలి కదా, వీళ్లు తోలలేదు. 2002-03 సమ్మె తర్వాత చావెజ్ ప్రభుత్వ చమురు సంస్థ నుంచి దాదాపు 18,000 మందిని ఇంటికి పంపాడు. పని తెలిసినవాళ్లు పోయారు, విధేయులు మిగిలారు. రోజుకు 30 లక్షల పీపాలు తోడిన దేశం 2020 నాటికి అయిదు లక్షల లోపుకు పడింది. అమెరికా ఆంక్షలు గొంతు నొక్కిన మాట నిజమే, కాని అప్పటికే ఆయాసం ముదిరింది. అక్కడి ఒరినోకో నదీ ప్రాంతపు చమురు తారులా చిక్కన. దాన్ని పలుచన చేయడానికి పలచటి నూనె దిగుమతి చేసుకోవాలి. 2020లోనే ఇరాన్ నుంచి ఓడల్లో పెట్రోలు తెప్పించుకున్నారు. వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఊరంతా తిరగడమంటే ఇదే.

2026 జనవరి 3న అమెరికా సైన్యం మదురోను పట్టుకుని న్యూయార్క్ తీసుకుపోయింది. కన్ను ప్రజాస్వామ్యం మీదా, పీపాల మీదా అని అడగడం మర్యాద కాదు.

ఈలోగా 70 లక్షల మందికి పైగా దేశం విడిచిపోయారు. సరిహద్దుకు అవతల, కొలంబియాలోని కూకుతాలో, కొందరు బొలివార్ నోట్లను మడిచి, తాటాకు బుట్ట అల్లినట్టు అల్లి, చేతిసంచులు చేసి అమ్మారు. ఒక్కో సంచికి వందల నోట్లు. బేరం మాత్రం కొలంబియా పెసోల్లోనే, బొలివార్లు పుచ్చుకోరు.