"వాళ్ల ఇల్లు కూలితే నా పన్ను ఎందుకు?" అనేవాళ్లకు జవాబు

ఎక్కడ వరదో భూకంపమో వచ్చినా ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. "ఇల్లు వాళ్ల సొంత ఆస్తి. రేటు పెరిగితే లాభం వాళ్లదే. ప్రమాదం ఉందని తెలిసే అక్కడ కట్టుకున్నారు, ఇన్సూరెన్స్ కూడా తీసుకోలేదు. మన పన్నులతో వాళ్లకి ఇళ్లు కట్టించాలా?" వినడానికి న్యాయంగానే ఉంది. ఒక్కో ముక్కా పట్టుకుని చూస్తే నిలబడదు.

"తెలిసే కట్టుకున్నారు" అన్న మాట దగ్గరే నాకు కడుపు రగులుతుంది. అమెరికాలో హ్యూస్టన్ నగరం మునగకుండా 1940లలో ప్రభుత్వం అడిక్స్, బార్కర్ అనే రెండు రిజర్వాయర్లు కట్టింది. అవి నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ భూమంతా మాత్రం కొనలేదు. మిగిలిపోయిన భూమిలో లేఅవుట్లు వేశారు. జనం లోన్లు పెట్టి ఇళ్లు కొనుక్కున్నారు. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు దిగువన ఉన్న నగరాన్ని కాపాడాలని నీళ్లను ఆపితే, అవి వెనక్కి తన్ని ఈ ఇళ్లలోకి వచ్చాయి. ఇందుకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని 2019లో కోర్టు తేల్చింది. ఊరంతటి కోసం కొందరి ఇళ్లు ముంచి, నష్టం మీరే భరించండి అంటామా?

ఇక ఇన్సూరెన్స్. అమెరికాలో మామూలు ఇంటి పాలసీ వరద నష్టానికి వర్తించదు. ప్రైవేటు కంపెనీలు ముందుకు రాకపోబట్టే 1968లో ప్రభుత్వం వరద బీమా పథకం తేవాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో 2023లో స్టేట్ ఫార్మ్ అనే బీమా కంపెనీ కొత్తగా ఇంటి పాలసీలు ఇవ్వడం ఆపేసింది. అమ్మేవాళ్లే తప్పుకుంటుంటే కొనలేదని తిట్టడం ఏం న్యాయం?

"ఇళ్లు కట్టించడం" అన్నది కూడా తప్పే. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇంటి కోసం ఒక కుటుంబానికి ఇచ్చే గ్రాంటు 2025 లెక్కన గరిష్ఠంగా దాదాపు 43,600 డాలర్లు. ఆ డబ్బుతో అక్కడ కొత్త ఇల్లు రాదు. వరద తీశాక ఇంట్లో అడుగుపెడితే మోకాలి లోతు బురద, ఉబ్బిపోయి మూతపడని తలుపులు, మట్టి దూరిన స్విచ్ బోర్డులు. వైరింగ్ మార్చనిదే కరెంటు వేయడానికి లేదు. సాయం చాలావరకు ఇలాంటి పనులకే సరిపోతుంది.

ఆ మెసేజ్‌లో లేకపోయినా దాని వెనకున్న ఒక భయం నిజమే. మళ్లీ మళ్లీ మునిగే చోటే మళ్లీ మళ్లీ కట్టిస్తే అది బూడిదలో పోసిన పన్నీరే. దానికి మందు సాయం ఆపడం కాదు, సాయానికి షరతు పెట్టడం. అమెరికాలో 1993 మిసిసిపి నది వరదల్లో మునిగిన వాల్‌మేయర్ అనే చిన్న ఊరిని ప్రభుత్వ డబ్బు సాయంతో గుట్ట మీదికి తరలించారు. ఇంకో దారి, నష్టాన్ని అందరూ ముందే పంచుకోవడం. ఫ్రాన్స్‌లో 1982 నుంచి ప్రతి ఇంటి బీమాలోనూ ప్రకృతి విపత్తుల కోసం అదనపు ప్రీమియం తప్పనిసరి. 2025లో దాన్ని అసలు ప్రీమియంలో 12 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. అక్కడ గుట్ట మీద ఇల్లున్నవాళ్లూ, ఏటి ఒడ్డున ఉన్నవాళ్లూ విపత్తు రాకముందే ఒకే శాతం కడుతున్నారు.