వంచితే ఇటాలిక్ కాదు, లావు చేస్తే బోల్డ్ కాదు

డీటీపీ చేసేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది: "బోల్డ్ ఇటాలిక్ అని వేరే అక్షరమేమీ లేదు. మామూలు అక్షరాన్ని లావు చేసి పక్కకు వంచితే అదే. కంప్యూటర్లు వచ్చాక పుట్టిన సోకు అది, దానితో పనీ లేదు." ఇందులో ఒక్క ముక్కా నిలబడదు.

వంచితే చాలన్న మాటను మీ కంప్యూటర్‌లోనే పరీక్షించండి. టైమ్స్ న్యూ రోమన్‌లో ఇంగ్లిషు చిన్నబడి 'ఏ', 'ఎఫ్', 'ఎన్' పెద్ద సైజులో కొట్టి, బోల్డ్, ఇటాలిక్ రెండూ నొక్కండి. 'ఏ' నెత్తిన ఉన్న కొక్కెం మాయమై ఒట్టి పొట్ట మిగులుతుంది. అప్పటిదాకా గీత మీద నిలబడిన 'ఎఫ్' కిందికి తోక దింపుతుంది. 'ఎన్' కాళ్ల కింది పీటలు పోయి, చివర కలం విదిలించినట్టు చిన్న వంపు వస్తుంది. నిటారు అక్షరాన్ని ఎంత వంచినా ఈ మార్పులు రావు. అది విడిగా గీసిన అక్షరం. విండోస్‌లో దానికి సొంత ఫైలే ఉంది. గీతలు లావెక్కితే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. వాటిని కాపాడుతూ ఎక్కడ లావు, ఎక్కడ సన్నం అన్నది ఒక మనిషి కూర్చుని తేల్చాలి. ఆ ఫైలు లేని ఫాంటుకు సాఫ్ట్‌వేర్ నకిలీ ఇటాలిక్ తయారుచేసి పెడుతుంది.

ఆ నకిలీని చూడాలంటే మన తెలుగే చాలు. తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు, చాలా ఫాంట్లలో ఆ ఫైలూ ఉండదు. అయినా బటన్ నొక్కుతాం. తలకట్టు కుడికి, కింది ఒత్తు ఎడమకు జరుగుతాయి, సున్నా ఒరిగిన గుడ్డవుతుంది. పెళ్లిపత్రికల్లో ఇది కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

కంప్యూటర్ సోకు అన్నదీ తప్పే. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ అనే ప్రచురణకర్త కోసం ఫ్రాన్సెస్కో గ్రిఫో చెక్కిన ఇటాలిక్ అచ్చులతో 1501లోనే రోమన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చయ్యాయి. అందులో పెద్దబడి అక్షరాలు మాత్రం నిటారువే. మామూలు అక్షరాలకు తోడుగా లావు అక్షరాలు వాడే అలవాటు 19వ శతాబ్దపుది. 1845లో లండన్‌లో వచ్చిన క్లారెండన్ అనే లావు అక్షరాల అచ్చుతో అది బలపడింది.

ఇక పని లేదన్న మాట. పేజీలకు పేజీలు బోల్డ్ ఇటాలిక్‌లో కొడితే చదవలేమన్నది నిజం, కానీ ఆ తప్పు కొట్టినవారిది. మొక్కల శాస్త్రీయ నామాలను ఇటాలిక్‌లో వేయడం రివాజు. వేప మీద ఇంగ్లిషు వ్యాసానికి బోల్డ్ శీర్షిక పెడితే, అజాడిరక్టా ఇండికా అన్న రెండు మాటలను ఎలా వేస్తారు? ఉత్త బోల్డ్ అయితే రివాజు తప్పుతుంది, ఉత్త ఇటాలిక్ అయితే శీర్షికలో ఆ రెండు మాటలే నీరసపడతాయి. భౌతికశాస్త్రంలో సదిశలకు, అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశులకు, అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది బోల్డ్ ఇటాలిక్‌నే. బలాన్ని సూచించే 'ఎఫ్' అలా ఉంటే దిశ కూడా ఉన్నట్టు. ఉత్త ఇటాలిక్‌లో ఉంటే పరిమాణం మాత్రమే.