సొంత వైఫైతో వస్తువుల జాడ: పట్టిక సరిగ్గా ఉంటేనే

పెద్ద ఆసుపత్రిలోనో గిడ్డంగిలోనో పనిచేసేవారికి వస్తువుల వెతుకులాట ఎంత సమయాన్ని మింగేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. సెలైన్ ఎక్కించే పంపు రికార్డుల ప్రకారం మూడో అంతస్తులో ఉంటుంది, అవసరం పడిన క్షణంలో మాత్రం అక్కడ కనిపించదు. ఆరుబయట ఈ చిక్కును జీపీఎస్ తీరుస్తుంది గానీ, సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ఆ బలహీనమైన సిగ్నల్‌ను కాంక్రీటు కప్పుల కింద నమ్ముకోలేము. ఎలాగూ పైకప్పుకు బిగించి ఉన్న వైఫై యాక్సెస్ పాయింట్లనే, అంటే వైఫై సిగ్నల్ పంపే పెట్టెలనే, గుర్తులుగా వాడుకోవాలన్న ఆలోచన అందుకే బలపడింది. అది మంచి ఆలోచనేనని నా అభిప్రాయం. అయితే ఫలితం వస్తువులకు అతికించే చిన్న రేడియో పరికరాల, అంటే ట్యాగుల, నాణ్యత కన్నా, సంస్థ తన యాక్సెస్ పాయింట్ల వివరాలను ఎంత శ్రద్ధగా రాసి పెట్టుకుంటుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

పని జరిగే తీరు సులువైనదే. ప్రతి యాక్సెస్ పాయింటూ సాధారణంగా సెకనుకు దాదాపు పదిసార్లు బీకన్ అనే చిన్న సందేశాన్ని ప్రసారం చేస్తుంది, అందులో దాన్ని గుర్తించే ప్రత్యేక సంఖ్య, అంటే 48 బిట్ల మ్యాక్ అడ్రస్, ఉంటుంది. వస్తువుకు అతికించిన ట్యాగు ఆ నెట్‌వర్క్‌లో చేరనక్కర్లేదు, పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. చుట్టూ వినిపించిన అడ్రస్‌లనూ ఒక్కోదాని సిగ్నల్ బలాన్నీ లోరావాన్ (చిన్న సందేశాలను దూరం పంపే రేడియో పద్ధతి) వంటి తక్కువ విద్యుత్తు మార్గంలో సర్వర్‌కు పంపి, మళ్లీ నిద్రలోకి జారుకుంటే చాలు. ఆ అడ్రస్‌లు ఏ గదికి చెందినవో పట్టికలో చూసి చెప్పేది సర్వరే.

ఆ పట్టిక ఎవరిదన్నదే అసలు ప్రశ్న. దారిన పోయే ఫోన్లు పోగుచేసిన సమాచారంతో తయారైన బయటి పట్టికలు వీధి వరకు బాగానే ఉపయోగపడతాయి. భవనం ఏదో చెబుతాయి, అంతస్తు మాత్రం నమ్మకంగా చెప్పలేవు. పైగా, పేరు చివర ‘నోమ్యాప్’ అని చేర్చిన నెట్‌వర్క్‌లను తన పట్టిక నుంచి తప్పిస్తానని గూగుల్ 2011లోనే ప్రకటించింది. సొంత పట్టికలోనైతే భవనం నక్షా ప్రకారం ఏ అంతస్తు, ఏ గది, ఏ మూల అన్నది నేరుగా నమోదు చేసుకోవచ్చు.

కానీ పట్టికకు కాపలా కావాలి. పైకప్పులో నీరు కారి ఒక యాక్సెస్ పాయింట్ పాడైందనుకుందాం. టెక్నీషియన్ నిచ్చెన వేసి, రెండో అంతస్తు స్టోర్ గదిలో ఖాళీగా ఉన్నదాన్ని తెచ్చి నాలుగో అంతస్తులో బిగిస్తాడు. ఇంటర్నెట్ వచ్చేస్తుంది, ఫిర్యాదు మూతపడుతుంది. పట్టికలో మాత్రం ఆ అడ్రస్ ఇంకా రెండో అంతస్తుదే, కాబట్టి నాలుగో అంతస్తులోని చక్రాల కుర్చీ ఆ రోజు నుంచి రెండు అంతస్తుల కింద కనబడటం మొదలుపెడుతుంది. ఒకే యాక్సెస్ పాయింట్ సిబ్బందికి ఒకటి, సందర్శకులకు ఒకటి చొప్పున నెట్‌వర్క్‌లను ప్రసారం చేస్తే ఒక్కోదానికి వేరే అడ్రస్ ఉంటుందన్న సంగతి కూడా చాలామంది మరిచిపోతారు. వాటన్నిటినీ ఒకే చోటి కింద రాసుకోవాలి.

సిగ్నల్ బలాన్ని దూరంగా మార్చే లెక్కను నేను అంతగా నమ్మను. అడ్డులేని చోట దూరం రెట్టింపైతే బలం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. లోపల ఇనుప అల్మరా గానీ, ఎక్కువగా నీరే అయిన మనిషి శరీరం గానీ మధ్యకు వస్తే అంతకు మించి పడిపోవచ్చు. 2000లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ‘రాడార్’ అనే పద్ధతిలో, ఒక్కో చోట సిగ్నళ్లు ఎలా వినిపిస్తాయో ముందే కొలిచి పెట్టుకుని, సగటున రెండు మూడు మీటర్ల తేడాతో స్థానాన్ని చెప్పగలిగారు. కానీ అల్మరాలు జరిపిన ప్రతిసారీ ఆ కొలతలు పాతబడతాయి. సిగ్నల్ ప్రయాణ కాలాన్ని కొలిచే పద్ధతి 2016 నాటి వైఫై ప్రమాణంలో చేరింది, ఒకటి రెండు మీటర్ల కచ్చితత్వం ఇస్తుంది గానీ దానికి ట్యాగులోనూ యాక్సెస్ పాయింట్‌లోనూ ఆ సౌకర్యం ఉండాలి. పంపు ఏ గదిలో ఉందో తెలిస్తే నర్సు పని అయిపోతుంది, గదిలో ఏ మీటరు దగ్గర ఉందో చెప్పడానికి ఇంత శ్రమ దండగ.

గది తెలియడానికైనా అమరిక కుదరాలి. ఇంటర్నెట్ కోసం యాక్సెస్ పాయింట్లను తరచుగా నడవా వెంట ఒకే వరుసలో బిగిస్తారు. అప్పుడు ట్యాగు ఎడమ గదిలో ఉన్నా కుడి గదిలో ఉన్నా వినిపించే బలాలు దాదాపు ఒకేలా ఉంటాయి. భవనం మూలల్లో, గోడల వెంట మరికొన్ని పెడితే ఈ సందిగ్ధం చాలావరకు తొలగుతుంది. ఇంటర్నెట్ తీగ లేకుండా కరెంటు మాత్రమే ఇచ్చిన పాత యాక్సెస్ పాయింట్ కూడా బీకన్ పంపగలిగితే ఈ పనికి సరిపోతుంది.

సొంత పట్టికతో మరో మేలుంది, దాన్ని నేను చిన్నదిగా చూడను. ట్యాగు చెవిన పడే అడ్రస్‌లలో రోగుల ఫోన్ హాట్‌స్పాట్‌లూ, పొరుగు ఇళ్ల రౌటర్లూ ఉంటాయి. పట్టికలో లేని అడ్రస్‌ను సర్వర్ అక్కడికక్కడే పారేస్తే ఎవరి జాడా పోగుపడదు. వస్తువును నెట్టుకుంటూ తిరిగే సిబ్బంది విషయంలోనూ పాత కదలికల చరిత్రను దాచకుండా, ప్రస్తుత స్థానాన్ని మాత్రమే ఉంచుకోవాలి.

ఇక పట్టిక తప్పిందని పసిగట్టేదెలా? ప్రతి అంతస్తులో ఒకటి రెండు ట్యాగులను తెలిసిన గదుల్లో గోడకు శాశ్వతంగా బిగించి వదిలేయాలి. కదలని ట్యాగు వేరే గదిలో ఉన్నట్టు కనిపించిన రోజున, పైకప్పు దగ్గర ఎవరు ఏం మార్చారో వెళ్లి చూడాలి.