ధర కంటే అప్పే అసలు హెచ్చరిక
షేర్ల ధరలు కంపెనీల లాభాలకు మించి పెరగడమే పతనానికి ముందస్తు సంకేతమని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ధరలు మండిపోతున్నా మార్కెట్ ఏళ్ల తరబడి పైకే పోవచ్చు. అమెరికాలో అప్పటి కేంద్ర బ్యాంకు అధిపతి గ్రీన్‌స్పాన్ ధరలు మితిమీరుతున్నాయేమోనని 1996 డిసెంబర్‌లోనే హెచ్చరించారు, టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే అక్కడి షేర్ సూచీ నాస్‌డాక్ శిఖరం తాకింది మాత్రం 2000 మార్చిలో. నా దృష్టిలో చూడాల్సింది అప్పు. 1929 మార్కెట్ పతనానికి ముందు అక్కడ చేతి డబ్బు కొంచెం పెట్టి, మిగతాది అప్పుతో షేర్లు కొన్నవాళ్లు ఎందరో. ధర కాస్త తగ్గగానే అప్పిచ్చిన బ్రోకర్ ఇంకా డబ్బు కట్టమంటాడు, కట్టకపోతే ఆ షేర్లు అమ్మేస్తాడు, ఆ అమ్మకంతో ధర ఇంకా పడుతుంది, దాంతో మరొకరి షేర్లూ అమ్ముడవుతాయి. బెంగళూరులో ఇది కళ్లారా చూశాను. 2008లో మారతహళ్లిలో మా రూమ్‌లో ఉండే గుంటూరు అబ్బాయి పర్సనల్ లోన్ తీసి షేర్లలో పెట్టాడు, పైగా బ్రోకర్ దగ్గర మార్జిన్ కూడా, అంటే షేర్లు కొనడానికి బ్రోకర్ ఇచ్చే అప్పు కూడా వాడాడు. జనవరి 22 పొద్దున్న మార్కెట్ తెరవగానే సెన్సెక్స్ పది శాతానికి పైగా పడి ట్రేడింగ్ గంటసేపు ఆగిపోయింది. ఆ గంటా వాడు ఫోన్ పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాడు. పక్కన పెట్టిన కాఫీ మీద మీగడ కట్టింది. "అన్నా, మధ్యాహ్నంలోగా లక్షన్నర కట్టమంటున్నారు" అన్నాడు. మేమంతా కలిపినా నలభై వేలు దాటలేదు. బ్రోకర్ వాళ్లు వాడి షేర్లన్నీ అమ్మేశారు. సాయంత్రానికి మార్కెట్ కొంత కోలుకుంది కూడా, కానీ అప్పటికి వాడి దగ్గర ఒక్క షేరూ లేదు. లోన్ కిస్తీలు మాత్రం 2011 దాకా కడుతూనే ఉన్నాడు.