వెయ్యి గజాలకు ఏ స్పాటింగ్ స్కోప్?

(బోర్లా పడుకుని వెయ్యి గజాల దాకా రైఫిల్‌తో కాల్చే పాల్మా పోటీకి తొలిసారి దిగబోతున్న తమ్ముడు, ఏళ్లుగా కాలుస్తున్న అన్న. పక్కన స్టాండ్ మీద పెట్టుకుని టార్గెట్‌ని చూసే దుర్భిణి, అదే స్పాటింగ్ స్కోప్, ఏది కొనాలన్నది మాట.)

తమ్ముడు: 60 రెట్ల జూమ్ దొరుకుతుంటే 25 దగ్గరే ఆగిపోయే ఐపీస్ (స్కోప్‌లో కన్ను పెట్టి చూసే ముక్క) ఎందుకన్నా?

అన్న: 60లో ఏం చూస్తావ్?

తమ్ముడు: తూటా ఎక్కడ పడిందో.

అన్న: అది చూపించడానికి పిట్‌లో, అంటే టార్గెట్ల కింది గోతిలో, మనుషులుంటారు. నువ్వు కాల్చగానే టార్గెట్ దించి, రంధ్రంలో మార్కర్ గుచ్చి లేపుతారు. ఆ బిళ్ల 20లోనే స్పష్టంగా కనబడుతుంది. రంధ్రమంటావా, 8 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఎండెక్కి గాలి మరుగుతుంటే అంత దూరాన ఏ అద్దమూ దాన్ని చూపించలేదు. నువ్వు చూడాల్సింది ఆ మరిగే గాలినే. ముందు టార్గెట్ మీద ఫోకస్ పెట్టు, తర్వాత కాస్త ఇవతలికి, సగం దూరానికి తిప్పు. ఆ మరుగు, మిరాజ్ అంటాం, ఏరులా ఓ పక్కకి పారుతుంటుంది. పారడం మాని నిలువుగా లేచిందంటే పక్కగాలి పడిపోయినట్టే. చాలాసార్లు అది దిక్కు మార్చుకునే ముందు క్షణం, అప్పుడు ట్రిగర్ నొక్కకు. గంటకు ఒక్క మైలు పక్కగాలి చాలు, .308 తూటాని వెయ్యి గజాల్లో సుమారు 9 అంగుళాలు నెట్టేస్తుంది. పది పాయింట్లొచ్చే పది రింగు ఈ చివర నుంచి ఆ చివరకి 20 అంగుళాలే!

తమ్ముడు: జూమ్‌ని 20కి తగ్గించుకోవచ్చుగా? నీది పెంచలేవు. మన క్లబ్‌లో 200 గజాల లైన్‌కి పిట్టూ లేదు, మార్కరూ లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రంధ్రాలు చూడ్డానికి పక్కాయన జూమ్ అడిగి తీసుకుంది నువ్వే.

అన్న: నిజమే, అక్కడ నాది చాలదు. కానీ తగ్గించినా జూమ్‌లో కనబడే మేర ఇరుకు. పైగా నీకు కళ్లజోడు, కన్ను ఐపీస్‌కి దగ్గరగా రాదు. బోర్లా పడుకుని, భుజం మీది రైఫిల్ కదపకుండా, తల కాస్త వంచి ఎడమ కంటితో చూడాలి. 82 మిల్లీమీటర్ల స్కోప్‌లో 25 దగ్గర కంటికొచ్చే వెలుగు చుక్క 3.3 మిల్లీమీటర్లు, 60 దగ్గర 1.4. ఆ చుక్కని వెతుక్కునేలోపు గాలి మారిపోతుంది.

తమ్ముడు: ఎఫ్-క్లాస్ అనే పోటీలో కాల్చేవాళ్లకి ఈ గోలే లేదు, రైఫిల్ మీది టెలిస్కోప్‌లోనే అన్నీ చూసుకుంటారు.

అన్న: అయితే ఎఫ్-క్లాస్‌కే పో! పాల్మాలో టెలిస్కోప్ పెట్టనివ్వరు.

తమ్ముడు: ఎఫ్-క్లాస్ వాళ్లలా రైఫిల్‌ని బైపాడ్ (రెండు కాళ్ల ఆసరా) మీద పెట్టి కాల్చేవాళ్లంటే నీకు మొదట్నుంచీ చులకనే.

అన్న: చులకనా? వాళ్ల టార్గెట్‌లో పది రింగు మనదాంట్లో సగమే. గాలి చదవడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

తమ్ముడు: సరే, స్టాండ్ మాటేంటి? చవకది చాలుగా?

అన్న: చాలదు. స్టాండ్ ఊగితే 25 కూడా దండగే. ఐపీస్ మార్చుకునే బాడీ తీసుకో, 45 డిగ్రీల వంపుది. ముందు 25, బరువైన స్టాండ్.

తమ్ముడు: డబ్బు మిగిలితే జూమ్ కూడా కొంటా.

అన్న: కొనుక్కో, 200 గజాలకి.